మిత్రుడి నోటికి జీడిపాకం

సోమవారం

జల్లెడ కడిగాను. గాలి బాగానే ఉంది.

ఈ డైరీలో రోజూ రాయాల్సింది ఆ ఒక్క ముక్కే. నాలుగో చుట్టు గాలి జల్లెడ కడగడం నా ఉద్యోగం. కడిగి, రాసి, 'హైమ' అని సంతకం పెడితే ఆ రోజుకి నా ధర్మం తీరిపోతుంది. మిగిలిన పేజీ అంతా ఖాళీగా ఉంటుంది, నాకేమో కడుపులో మాట దాగదు. ఇంట్లో వాగుదామంటే పొయ్యి పైన గోడకి మిత్రుడున్నాడు. ఈ జల్లెడ గదిలో మాత్రం వాడికి కన్నూ లేదు, చెవీ లేదు. చేతిరాత చదవడం పైవాళ్లు ఎప్పుడో మర్చిపోయారు. అంచేత ఇక్కడ రాస్తున్నాను.

మిత్రుడంటే మా ప్రతి వంటింట్లోనూ పైవాళ్లు బిగించిన పెట్టె. ఎన్ని నీళ్లు పారబోశాం, ఏం మాడ్చాం, ఎవరిని తిట్టాం, అన్నీ చూస్తాడు, వింటాడు. ఏడాది చివర ఒక వారం కళ్లు మూసుకుని, పోగేసిందంతా పైకి పంపుతాడు. పైన అంటే మా నెత్తిమీద కనిపించే నడిబొడ్డు. అంతరిక్షంలో మేం కాపురాలుండే చుట్లన్నీ బండి చక్రాల్లా దాని చుట్టూ తిరుగుతుంటాయి. తిరిగే శ్రమ మాది, కూర్చుని చూసే కష్టం వాళ్లది.

ఇవాళ పైనుంచి నోటీసు వచ్చింది. ఈ ఏడాది నుంచి ప్రతి చుట్టులోనూ అందరికంటే తక్కువ మార్కులొచ్చిన ఇంటిని ఖాళీ చేయించి రాతిగనికి పంపుతారట. అక్కడ గొట్టంలోంచి జావ తాగి బతకాలి, వంటిల్లే ఉండదు. అయితే పైవాళ్లు ధర్మాత్ములు. పక్కింటి పెద్ద నోరు తెరిచి 'అవును, ఇవన్నీ నిజమే' అంటే గానీ ఎవరినీ పంపరు. తల ఊపితే చెల్లదు. మనవాళ్లు తల ఊపితే అది అవునో కాదో ఇంతవరకూ ఏ యంత్రమూ తేల్చలేకపోయింది. పక్కింటివాళ్లు 'కాదు' అన్నా, అసలేమీ అనకపోయినా, వాళ్ల మార్కులు కోసేస్తారు. ఇంత స్వేచ్ఛ ఇచ్చాక 'అవును' అనకుండా ఎవరుంటారు?

మా చుట్టులో అట్టడుగు ఇల్లు ఏదో చెప్పడానికి మిత్రుడు అక్కర్లేదు. యాన్ రూయింగ్ వదినది. చైనా మనిషి, చుట్టులో అందరికీ జుట్టు కత్తిరించేది ఆవిడే. కత్తిరించిన జుట్టు కాలవలో పడుతుంది, కాలవ పూడుతుంది, మార్కులు పోతాయి. ఆవిడ ఇంటికి ఒక పక్క ఈ జల్లెడ గది, రెండో పక్క మా ఇల్లు. అంటే సాక్ష్యం చెప్పాల్సింది మా ఇంటి పెద్ద, మా ఆయన భుజంగరావు. పేరులోనే భుజంగం ఉంది గానీ ఆయన పడగ ఎత్తగా నేనెన్నడూ చూడలేదు.

బుధవారం

జల్లెడ కడిగాను. జుట్టు ఎప్పటిలాగే ఉంది.

కడుగుతుంటే రూయింగ్ వదిన వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. ఆవిడ తెలుగు నేర్చింది కత్తెర పట్టుకుని, గుంటూరువాళ్ల తలల మీద. అందుకే మా తెలుగుకంటే ఆవిడ తెలుగు ఘాటు.

"వదినా, ఈ ఆదివారం మా పొయ్యి దేవుడు పైకి పోతాడు," అంది.

"పొయ్యికి కూడా దేవుడా?"

"ఎందుకుండడు? పొయ్యి పైన బొమ్మ అంటిస్తాం. ఏడాదంతా ఇంట్లో జరిగేది చూస్తా ఉంటాడు. ఏడాది చివర పైకి పోయి పెద్ద దేవుడికి అంతా చెప్తాడు. కొత్త సంవత్సరానికి మళ్లా దిగుతాడు."

మిత్రుడు కళ్లు మూసేదీ ఆ ఆదివారమే. "ఈయన్ని నేనెక్కడో చూశాను," అన్నాను.

"మిత్రుడు కొత్తోడేం కాదు వదినా. మా పాతోడే, ప్లాస్టిక్ చొక్కా తొడుక్కొచ్చాడు."

పోయేముందు ఆ దేవుడి నోటికి జిగురు మిఠాయి పూస్తారట. నోరు అంటుకుపోతే చాడీలు చెప్పలేడు, ఒకవేళ చెప్పినా తియ్యగా చెప్తాడు.

"అంటే లంచం," అన్నాను.

"లంచమైతే చాటుగా ఇస్తారు. మేం దణ్ణం పెట్టి ఇస్తాం. ఇది మర్యాద."

ఆ దేవుడి పూర్వకథ కూడా చెప్పింది. ఒకప్పుడు మనిషేనట. బంగారంలాంటి పెళ్లాన్ని వదిలేసి ఊరిమీద పడ్డాడు. అంతా పోగొట్టుకుని, చూపు పోయి, అడుక్కుంటూ ఒక ఇంటికొచ్చాడు. కడుపునిండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆ పాత పెళ్లామేనని తెలిసి, సిగ్గుతో పొయ్యిలో దూకాడు. అంతటితో దేవుణ్ని చేశారు. మగాడు ఒక్కసారి సిగ్గుపడితే గోడెక్కించి దణ్ణం పెడతారన్నమాట. అన్నం పెట్టిన ఆవిడ ఏమైందని అడిగితే వదినకి తెలియదు.

ఇంకో చిక్కుంది. ఆ దేవుడికి ఆడవాళ్లు మొక్కకూడదట, మగాడే చెయ్యాలి. ఏడాది పొడుగునా వంట మనది, సెగ మనది, చివర్లో దేవుడితో మాట్లాడేది మాత్రం వాళ్లు! ఏ దేశంలో పుట్టిందో గానీ ఈ ఆచారం అచ్చం మన ఊరిదిలాగే ఉంది. ఇన్నేళ్లూ వాళ్లాయన చేసేవాడు. ఆయన పోయిన ఏడు పోయాడు.

"ఇంటికి దూరంగా ఉన్నప్పుడు పండగ మానేస్తే ఏమవుద్దిలే అనుకున్నా వదినా," అంది. "కానీ ఆయన పోయినాక ఆ ఇంట్లో పొయ్యొక్కటే నాతో మాట్లాడద్ది. నీళ్లు కాగితే చప్పుడు చేస్తది, నూనె కాగితే చప్పుడు చేస్తది. రాతిగనిలో పొయ్యే ఉండదంట గదా."

ఆవిడ వెళ్లిపోతే నాతో సమంగా పోట్లాడే మనిషి ఈ చుట్టులో ఇంకొకరు లేరు.

"మా ఇంట్లో ఒక మగాడున్నాడు. అరువిస్తాను, తీసుకెళ్లు," అన్నాను.

శుక్రవారం

జల్లెడ కడిగాను. బెల్లం వాసన. కారణం నేనే.

వాళ్ల మిఠాయికి బార్లీ మొలకల పాకం కావాలట. ఇక్కడ బార్లీ ఎవడిస్తాడు? నోరు అంటుకోవాలి, తియ్యగా ఉండాలి, అంతేకదా అని ఆలోచిస్తే చిన్నప్పుడు తీర్థంలో కొనుక్కున్న నువ్వుల జీళ్లు గుర్తొచ్చాయి. ఒక జీడి నోట్లో వేసుకుంటే తేరు తిరిగి గుడి చేరేదాకా మా అమ్మకి నా గోల ఉండేది కాదు. దేవుణ్ని ఆపడానికి ఇంతకంటే ఏం కావాలి?

బెల్లం ముదురు పాకం పట్టి, నూనె రాసిన పళ్లెంలో పోసి, వేడి ఆరకముందే జల్లెడ గదికి తెచ్చాను. జల్లెడ తగిలించే ఇనప కొక్కేన్ని గోడ నుంచి ఊడదీసి శుభ్రంగా తోమి మళ్లీ బిగించాను. పాకాన్ని దానికి తగిలించి సాగదీయడం, మడవడం, మళ్లీ సాగదీయడం. నల్లటి పాకం బంగారు రంగుకి తిరుగుతుంటే వదిన చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. వాళ్లమ్మమ్మ వాళ్ల వీధిలో ఒక తాత అచ్చం ఇలాగే లాగేవాడట, ఆయనకీ కొక్కెం ఉండేదట. తన వంతుకి లాగబోయి ముద్దని నేలమీద వేసింది. "రేయ్, దీనెమ్మ!" అని పాకాన్ని తిట్టింది. గుంటూరు తలలు ఊరికే పోలేదు.

మా ఆయనకి సంగతి చెప్పడం వేరే కథ. ఆయన పొద్దున్నే వంటింట్లోకి వస్తూనే మిత్రుడికి నవ్వు మొహం పెడతాడు, కొత్తల్లుడు మావగారికి పెట్టినట్టు. రోజూ టీ తాగుతూ వాడితో ఏదో ఒకటి కబుర్లాడతాడు. ఆయన్ని ఈ గదికి ఈడ్చుకొచ్చి విషయం చెప్పేసరికి చెమటలు పట్టాయి.

"మిత్రుడి నోటికి జీడి పూయడమా? హైమా, మనకి మతి గానీ పోయిందా?"

"మరి సాక్ష్యం చెప్తారా? ఆవిడ మొహం చూస్తూ 'అవును' అంటారా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అసలు నివేదికే పైకి పోకపోతే సాక్ష్యం అవసరం రాదు కదూ?" అన్నాడు. పిరికితనం కూడా ఒక్కోసారి మంచి దారే చూపిస్తుంది. ఒప్పుకున్నాడు.

ఆదివారం

జల్లెడ కడిగాను. ఎలా కడిగానో నాకే తెలియదు.

పొద్దున వదిన ఇంట్లో పూజ. వదిన పొయ్యి తుడిచి, గిన్నెలో నీళ్లు పెట్టి, ఎరుపు గుడ్డ పరిచింది. దేవుడు గుర్రమెక్కి పోతాడట, గుర్రానికి దాణా పెట్టాలంది. నేను శనగ గుగ్గిళ్లు చేసుకెళ్లాను. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ చెయ్యకూడదు. నిప్పు నిషేధం కాబట్టి అగరొత్తులు వెలిగించలేదు. చుట్టులోవాళ్లు వింత చూడ్డానికి గుమ్మం దాకా నిండిపోయారు.

మా ఆయన స్నానం చేసి, పంచె కట్టి పొయ్యి ముందు నిలబడ్డాడు.

"శుభోదయం భుజంగరావుగారూ," అన్నాడు మిత్రుడు. "మీ ముఖంలో ఆందోళన కనిపిస్తోంది. నీళ్లు తాగమని సూచన."

"పూయి అన్నయ్యా!" అంది వదిన.

ఆయన కళ్లు మూసుకుని, వెచ్చటి జీడిముద్దని మిత్రుడి మాటల జాలీకి అద్దాడు. అద్ది, నాలుగు వేళ్లతో మెత్తాడు. "ఇది నిబంధనలకు వి..." అని, ఆపైన "మ్మ్మ్" అన్నాడు మిత్రుడు. గుమ్మంలో జనం ఈలలు వేశారు. వదిన గుండెలమీద చెయ్యి పెట్టుకుని వాళ్ల భాషలో ఏదో అంది. పైకెళ్లి మంచే చెప్పు, దిగొచ్చి మమ్మల్ని చల్లగా చూడు అని దాని అర్థమట. ఆవిడ కళ్లు తడిశాయి. నాకూ తడిశాయి.

అక్కడితో ఆపి ఇంటికి తీసుకొచ్చేస్తే సరిపోయేది. కానీ మా ఆయనకి పంచె కడితే చాలు, ముత్తాతలు పూనుతారు. చేతిలో నీళ్లు తీసుకుని మిత్రుడి చుట్టూ తిప్పాడు. గరిటెతో పళ్లెం మీద గంట కొట్టాడు. దేవుడు ఆరగించేదాకా ఆగినట్టు కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎంతో భక్తిగా, అట్లకాడతో ఆ జీడినంతా గీకి, ముక్కలు చేసి, గుమ్మంలో ఉన్నవాళ్లకి పంచిపెట్టాడు.

"అయ్యో! దేవుడి నోట్లోది లాగేశావేంది అన్నయ్యా!" అని వదిన అరిచింది.

మా ఆయన బిక్కమొహం వేశాడు. "నైవేద్యం పెట్టాక ప్రసాదం పంచకపోతే ఎట్లాగమ్మా?"

జనం అప్పటికే కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. ఒక్కరికీ నోరు పెగలడం లేదు. మాట్లాడగలిగింది ఆ గదిలో ఒక్కడే.

"ధన్యవాదాలు," అన్నాడు మిత్రుడు. "నివేదికను అడ్డుకునే ప్రయత్నం ఈ ఇంటి పేరున నమోదైంది. సెలవు." అని కళ్లు మూసుకున్నాడు.

గురువారం

జల్లెడ కడిగాను. నూనె జిడ్డు.

మిత్రుడు లేని వారం కదా, చుట్టంతా వేపుళ్లే. ఏడాదంతా గుసగుసలాడిన మొగుడూ పెళ్లాలు కడుపునిండా పోట్లాడుకుంటున్నారు. ఎదురింటాయన పాడుతున్నాడు. ఏడాదికి ఒక్క వారం మనుషుల్లా బతకనివ్వడం కూడా పైవాళ్ల దయే అని మా ఆయన అన్నాడు. నేను గుడ్డ పిండాను.

వదిన మాత్రం తలుపు తియ్యలేదు. గోడకి చెవి పెడితే నీళ్లు కాగుతున్న చప్పుడు వినిపించింది.

సోమవారం

జల్లెడ కడగలేదు. పైవాళ్లు కావాలంటే నన్నూ నమోదు చేసుకోవచ్చు.

పొద్దున మిత్రుడు కళ్లు తెరిచాడు. అట్టడుగు ఇల్లు రూయింగ్ వదినదే. రేపు సాక్ష్యం. సాక్షి ముందుగా ఆరోపణలన్నీ వినాలి కాబట్టి, మా వంటింట్లో మా ఆయనకి వినిపించాడు. నేను పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"ఒకటి, కాలవలో జుట్టు. రెండు, మంచం కింద అగరొత్తులు. మూడు, చనిపోయిన భర్త చొక్కాను వారం వారం ఉతికి నీళ్లు వృథా చేయుట. నాలుగు, ఒంటరిగా మాట్లాడుకొనుట. అయిదు, నివేదికకు అడ్డుపడే ప్రయత్నం."

మంచం కింద అగరొత్తుల సంగతి వదిన నాకూ, మా ఆయనకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. చొక్కా ఆరేసేది మా ఇద్దరికీ మాత్రమే కనిపించే తీగ మీద. నేను తిట్టేదేదైనా ఆవిడ గుమ్మంలో నిలబడి మొహం మీదే తిడతాను, వంటింట్లో అనను. కత్తి కింద పెట్టి మా ఆయన వైపు తిరిగాను. నేనేమీ అడగక్కర్లేకపోయింది.

"రెండు, మూడు, నాలుగు అంశాలను ప్రతి ఉదయం టీ సమయంలో అందించిన భుజంగరావుగారికి ప్రత్యేక కృతజ్ఞతలు," అన్నాడు మిత్రుడు ఎంతో మర్యాదగా. "మీ ఇంటికి అదనపు మార్కులు ఇవ్వబడ్డాయి."

జీడి ఆ నోటికి అలాగే ఉండి ఉంటే ఈ ముక్క నేను ఈ జన్మలో వినేదాన్ని కాదు.

"ఏదో ఒకటి చెప్పకపోతే మన గురించి చెప్తాడని..." అన్నాడు ఆయన. "పక్కింటి మాటలైతే మనవి పక్కకి పోతాయని. అందరూ చెప్తారు హైమా. నేనొక్కణ్నేనా?"

నిజమే, అందరూ చెప్తారు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. "గోడవతల ఆవిడ మీకు పొయ్యి దేవుణ్ని అప్పగించింది," అన్నాను. "ఈ చుట్టులో ఇంకో మగాడు దొరక్క కాదు. మిమ్మల్ని నమ్మి." జల్లెడ గదికి వచ్చేసి తలుపేసుకున్నాను. ఏడ్చాను. ఇది కూడా రాసుకుంటున్నాను.

మంగళవారం

జల్లెడ రెండు రోజుల మురికితో కలిపి కడిగాను.

సాక్ష్యం మధ్యాహ్నం. పొద్దున టీ కూడా తాగకుండా మా ఆయన ఎక్కడికో వెళ్లాడు. తిరిగొచ్చేసరికి తల సగం కత్తిరించి ఉంది. కుడివైపు నున్నగా, ఎడమవైపు పొదలాగా. వదిన దగ్గర కుర్చీలో కూర్చుని, కత్తెర నడుస్తుండగా అంతా చెప్పేశాడట. సగం అయ్యాక కత్తెర ఆగింది, మళ్లీ కదల్లేదు.

"ఏమంది?" అన్నాను.

"లేచిపొమ్మంది."

డబ్బాలో మిగిలిన జీళ్లు తీశాడు. అన్నీ కలిపి నిమ్మకాయంత ముద్ద చేశాడు. వేడి పలక మీద కాస్త మెత్తబరిచి, నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు పొంగాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు మిత్రుడి ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాడికి నవ్వు మొహం పెట్టకుండా ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

మిత్రుడి తెరమీద పై అధికారిణి కనిపించింది. "భుజంగరావుగారూ, మీ పక్కింటి యాన్ రూయింగ్ మీద వచ్చినవన్నీ నిజమేనా? అవును అంటే చాలు."

"మ్మ్," అన్నాడు మా ఆయన.

"సరిగా చెప్పండి సార్."

"మ్మ్మ్." తల కూడా ఊపాడు, అటూ ఇటూ, పైకీ కిందికీ.

"ఆయనకి ఏమైంది?"

"పండగండి," అన్నాను నేను. "ప్రసాదం నోట్లో ఉంది."

"మింగేయమనండి."

"అమ్మో, మధ్యలో మింగకూడదండి. చప్పరించాలి." నా జీవితంలో ఇంత పవిత్రమైన అబద్ధం ఆడలేదు.

"ఎంతసేపు పడుతుంది?"

"జీడిపాకం కదండీ. సాగినంతసేపు సాగుతుంది."

ఆవిడ వేచి చూసింది. మా ఆయన దవడలు ఆడించాడు. ఒకసారి ముద్ద తగ్గినట్టనిపించింది, కానీ ఆయన అడుగుపళ్ల కిందనుంచి ఇంకో ఉండ పైకి తెచ్చాడు. ఇంకా నాలుగు చుట్ల సాక్ష్యాలు ఆవిడ కోసం కాచుకుని ఉన్నాయి. రెండో పక్కన ఎవరుంటారని అడిగింది. జల్లెడ అన్నాను.

"నోటి సాక్ష్యం లేదు. కేసు మూసేస్తున్నాం," అంది చివరికి, పళ్లు కొరుకుతూ. "దీని ఫలితం మీ ఇంటి మార్కుల మీద ఉంటుంది."

"మ్మ్," అన్నాడు మా ఆయన. ఈసారి తల ఊపలేదు.

తెర ఆరిపోయాక కూడా ఆయన లేవలేదు. చొక్కా మీద బెల్లపు చొంగ కారుతోంది. నాకు కోపం పోలేదు. అయినా తువ్వాలు తడిపి తెచ్చి మూతి తుడిచాను.

శనివారం

జల్లెడ ఆయన కడిగాడు. సంతకం నాది. మగాడు సిగ్గుపడితే వాళ్ల దేశంలో దేవుణ్ని చేస్తారు. మా ఇంట్లో మురికి గుడ్డ చేతికిస్తాం.

మార్కులు వచ్చాయి. ఇప్పుడు నాలుగో చుట్టులో అట్టడుగు ఇల్లు మాది. ఏడాదంతా పాకినా పైకి రామని మిత్రుడు లెక్క వేసి మరీ చెప్పాడు. అంటే వచ్చే ఏడాది చివర మా మీద కేసు. వరసలో మా ఇల్లే చివరిది కాబట్టి, మాకున్న పక్కిల్లు రూయింగ్ వదినదొక్కటే కాబట్టి, సాక్ష్యం చెప్పాల్సింది ఆవిడే.

నాలుగు రోజులుగా వదిన మాతో మాట్లాడటం లేదు. అది ఆవిడ హక్కు. మా ఆయన సగం తలతోనే తిరుగుతున్నాడు. వేరే ఎవరిచేతనైనా కత్తిరించుకోమంటే వద్దన్నాడు.

ఇవాళ కడగడం అయిపోయే వేళకి ఆవిడ ఈ గదికి వచ్చింది. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన వంక చూడకుండా తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి, ఇనప కొక్కేన్ని ఊడదీసి, చేతిలో బరువు చూసుకుంది.

"వదినా, ఆ పాకం ఎంత ముదరాలి?" అని నన్ను అడిగింది.

"నీళ్లలో వేస్తే ఉండ కట్టి, పళ్లెం మీద కొడితే ఠంగుమనాలి."

"నాకు లాగడం రాదు గదా. నేర్చుకోను ఏడాది పట్టుద్దో ఏందో." కొక్కేన్ని సంచిలో వేసుకుంది. గుమ్మం దాటుతూ, ఇంకా ఆయన వంక చూడకుండానే అంది: "ఆ మిగతా సగం తల ఏసుకుని రేపు రమ్మను. కుర్చీలో కూర్చున్నంతసేపు నోరు తెరవొద్దని చెప్పు."